చివరి రంగం నుంచి మొదలుపెట్టిన రిహార్సల్స్: ఒక డిగ్రీ కాలేజీ ‘కన్యాశుల్కం’ కేస్ స్టడీ

నేపథ్యం

ఉత్తరాంధ్రలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీ. వార్షికోత్సవానికి ‘కన్యాశుల్కం’ వెయ్యాలని తెలుగు శాఖ వాళ్లు సంకల్పించారు. ప్రదర్శనకు ఇంకా ఐదు వారాలుందనగా రిహార్సల్స్ ఆగిపోయే పరిస్థితి వచ్చి, విద్యార్థి నాటకాలకు శిక్షణ ఇచ్చే నన్ను పిలిచారు. పిల్లలకు శ్రద్ధ లేదని అందరూ తేల్చేసిన చోట అసలు లోపం రిహార్సల్ అమరికలో ఉంది. అందుకే ఈ కేసును వివరంగా రాస్తున్నాను. ఎవరినీ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను, కొన్ని వదిలేశాను.

ఈ నాటకాన్ని మొదట ఆడింది 1892లో, విజయనగరంలో. ఇప్పుడు మనం చదువుకునేది గురజాడ బాగా పెంచి, తిరగరాసి 1909లో తెచ్చిన రెండో కూర్పు. ఏడు అంకాల నాటకం. ఉన్నదున్నట్టు ఆడితే గంటల మీద గంటలు పడుతుంది కాబట్టి ఎవరు వేసినా కుదించక తప్పదు. ఈ కాలేజీ అధ్యాపకుడొకరు దాన్ని 55 నిమిషాలకు, ఏడు రంగాలకు తగ్గించారు. కుదింపు బాగుంది. గిరీశం, మధురవాణి, రామప్పంతులు, లుబ్ధావధాన్లు, సౌజన్యారావు పంతులు కథలు తెగిపోకుండా నిలిచాయి. నటులు 11 మంది. వాళ్లలో ఇద్దరు తప్ప మిగతావాళ్లెవరూ అంతకుముందు స్టేజీ ఎక్కలేదు.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి, తర్వాత నిర్ణయాలన్నీ దాని చుట్టూనే తిరిగాయి. 11 మందిలో ఏడుగురు చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్సు పాసుల మీద వచ్చి చదువుకునేవాళ్లు. క్లాసులు 4 గంటలకు అయిపోతాయి. కొందరికి 5.20 బస్సు, కొందరికి 6 గంటల బస్సు. అది తప్పితే ఆటోలు మారి ఇల్లు చేరాలి. ఆడపిల్లల ఇళ్లలో దానికి ఎవరూ ఒప్పుకోరు. మిగిలిన నలుగురూ హాస్టల్లో ఉంటారు, రాత్రి 8 దాకా ఉండమన్నా ఉంటారు.

వచ్చిన సమస్య

నాతో చెప్పిన ఫిర్యాదు ఒకటే: “పిల్లలు రావడం లేదండీ.” నిజమే, 11 మందిలో ఆరేడుగురికి మించి రావడం లేదు. అయితే రానివాళ్లు ఎవరు, ఎప్పటి నుంచి మానేశారు అని ఆరా తీస్తే విషయం వేరేగా కనబడింది. మొదటి రంగంలో ఉన్నవాళ్లు ఒక్కరోజూ మానలేదు. చివరి రంగాల వాళ్లు మొదటి వారం రోజూ వచ్చారు, రెండో వారం తగ్గించారు, మూడో వారం మానేశారు.

ఏమీ మాట్లాడకుండా ఒక మూల కూర్చుని రిహార్సల్ చూశాను. అందరూ వచ్చేదాకా ఆగి 4.40కి మొదలుపెట్టారు. బొంకులదిబ్బ దగ్గర గిరీశం స్వగతంతో ఆరంభం. మాట తప్పితే ఆపడం, నిలబడిన చోటు తప్పితే ఆపడం, ఆపిన ప్రతిసారీ మళ్లీ మొదటికి రావడం. 5.15కి ముగ్గురు బ్యాగులు సర్దుకున్నారు. 5.45కి నాలుగో రంగంలోకి వచ్చేసరికి మిగతా బస్సుల వాళ్లూ లేచారు. మర్నాడు మళ్లీ బొంకులదిబ్బే.

సౌజన్యారావు పంతులు వేషం వేసే అబ్బాయిని బయట పట్టుకుని ఎందుకు రావడం లేదని అడిగాను. “నా సీను వచ్చేసరికి బస్సు వెళ్లిపోతాది మేష్టారూ” అన్నాడు. రెండు వారాలు రోజూ వచ్చి, ఒక్క డైలాగూ చెప్పకుండా ఇంటికి వెళ్లిన కుర్రాడు అతను. అతనికి శ్రద్ధ లేదని ఎలా అంటాం?

ఇక్కడ నాటకం స్వభావం కూడా చూడాలి. ఈ కుదింపులో అన్నిటికంటే కష్టమైనది చివరి రంగమే. మధురవాణి మగవేషంలో సౌజన్యారావు ఇంటికి వస్తుంది. వేశ్యల ముఖం చూడనని పట్టుబట్టిన మనిషి ఎదుట కూర్చుని, తానెవరో చెప్పకుండా మాటలు సాగించి, చివరికి తెర తీస్తుంది. నవ్వు, ఎత్తుగడ, దయ మూడూ ఒకదాని మీద ఒకటి నడవాలి. నాటకం బరువంతా మోసే ఆ రంగాన్ని మూడు వారాల్లో పట్టుమని రెండుసార్లు కూడా ముట్టుకోలేదు. గిరీశం మొదటి స్వగతం మాత్రం నలిగి నలిగి, చెప్పే కుర్రాడికే విసుగొచ్చేంతగా అరిగిపోయింది.

రెండో సమస్య గొంతులది. పేపరు చేతిలోకి రాగానే అందరికీ ఒకే గొంతు వచ్చేస్తోంది: వాక్యం చివర సాగదీసి పైకెత్తే నాటకం గొంతు. ఈ నాటకం గొప్పంతా ఆ ప్రాంతపు మాటతీరులో ఉంది. ఆ గడ్డ మీద పుట్టిన పిల్లలే దాన్ని పరాయి భాషలా చదువుతుంటే మనసు చివుక్కుమంది.

నాకు ముందు చేసినవి, ఎందుకు నిలవలేదు

విద్యార్థి కమిటీ ఆలస్యానికి పది రూపాయల జరిమానా పెట్టింది. ఆలస్యంగా వచ్చేది సైన్సు గ్రూపుల వాళ్లు. ల్యాబు అయ్యేసరికే 4.30 అవుతుంది. తమ చేతిలో లేని దానికి జరిమానా కట్టాల్సి రావడంతో, కట్టడం కంటే రాకపోవడమే సులువైంది.

తర్వాత ఆదివారం పూర్తి రోజు రిహార్సల్ పెట్టారు. హాస్టల్ పిల్లలు వచ్చారు. ఊళ్ల నుంచి వచ్చేవాళ్లలో కొందరికి పొలం పని, కొందరికి చర్చి, అందరికీ సెలవు రోజు బస్సులు తక్కువ. దాంతో నలుగురు బాగా ముందుకు వెళ్లారు, ఏడుగురు వెనకబడ్డారు. రెండు రకాల తయారీ ఒకే రంగంలో ఎదురుపడితే, తెలిసినవాళ్లు తెలియనివాళ్ల మీద చిరాకు పడటం మొదలైంది.

మూడోది, “సోమవారం నుంచి ఎవరి చేతిలోనూ పేపరు ఉండకూడదు” అన్న ఆజ్ఞ. పోర్షన్ బట్టీ పట్టి వచ్చారు. కానీ ఎదుటివాడి మాట వినడం పోయింది. తన వంతు ఎప్పుడొస్తుందా అని గోడ వైపు చూస్తూ నిలబడేవారు. తట్టకపోతే ప్రాంప్టర్ మొత్తం వాక్యం అందించేవాడు, వీళ్లు దాన్ని తిరిగి అప్పజెప్పేవారు. హెల్గా నోయిస్, టోనీ నోయిస్ దంపతులు నటుల జ్ఞాపకం మీద చాలా ఏళ్లు పరిశోధన చేశారు. అనుభవమున్న నటులు మాటల్ని మాటలుగా బట్టీ పట్టరనీ, ఈ మాట నా పాత్ర ఎందుకంటోంది అని తవ్వుకుంటూ పోతే మాటలు వాటంతట అవే నిలుస్తాయనీ, కదలికతో కలిసిన మాట ఇంకా గట్టిగా గుర్తుంటుందనీ వాళ్లు చూపించారు. ఇక్కడ పిల్లలకు కదలిక రాకముందే, కారణం తెలియకముందే పేపరు లాగేశారు.

మార్చినవి

మొదట చేసింది ఒక పట్టిక. కుదించిన ప్రతిని రంగాల వారీగా కాకుండా రాకపోకల వారీగా కోశాం. ఎవరైనా స్టేజీ మీదికి వచ్చినా, వెళ్లినా అక్కడికి ఒక ముక్క. అలా 22 ముక్కలయ్యాయి. నిలువునా ముక్కల నంబర్లు, అడ్డంగా పాత్రల పేర్లు, ఉన్నచోట టిక్కు. చార్టు గోడకు అంటించగానే అందరూ గమనించింది ఒకటే: 22 ముక్కల్లో నలుగురి కంటే ఎక్కువమంది అవసరమైనవి ఐదే. అంటే రోజూ 11 మందినీ పిలవడానికి కారణమే లేదు.

పట్టికలో ప్రతి పేరు కింద బస్సు టైము రాశాం. ఆ తర్వాత పిలుపులు వాటంతట అవే కుదిరాయి. 5.20 బస్సు వాళ్ల ముక్కలు 4.10కి, 6 గంటల బస్సు వాళ్లవి ఆ తర్వాత, హాస్టల్ వాళ్ల ముక్కలు చివర. ల్యాబు ఉన్న రోజు ల్యాబు వాళ్లకు పిలుపు లేదు. ప్రతి శుక్రవారం సాయంత్రానికి వచ్చే వారం పిలుపుల కాగితం బోర్డు మీదా, వాట్సాప్ గ్రూపులోనూ పెట్టాలి, పెట్టాక మార్చకూడదు. ఈ రెండో షరతు మీద నేను గట్టిగా నిలబడ్డాను. మనం మాట మార్చితే వాళ్లు ఇంట్లో చెప్పిన మాట తప్పినట్టవుతుంది. ఒక ఆడపిల్ల ఇంట్లో “మంగళ, గురు వారాలే ఆలస్యం” అని చెప్పి అనుమతి తెచ్చుకుందంటే, ఆ కాగితానికి ఉన్న విలువ మనం కాపాడాలి.

వచ్చిన పిల్లవాడు వచ్చిన పది నిమిషాల్లో పనిలో ఉండాలన్నది నా లెక్క. మొదటి వారం గడిచేసరికి హాజరు గురించి ఎవరూ మాట్లాడటం మానేశారు. జరిమానా డబ్బాను నేపథ్య సంగీతం కుర్రాళ్లు తాళం వేసుకోవడానికి తీసుకున్నారు.

రెండో మార్పు, వెనక నుంచి మొదలుపెట్టడం. 22వ ముక్కతో ఆరంభించి ముందుకు వచ్చాం. దీనికి అధ్యాపకుల్లో అభ్యంతరం వచ్చింది, కథ క్రమం పిల్లలకు ఎలా పడుతుందని. అది సహేతుకమైన ప్రశ్నే. అందుకని మొదటి రోజు అందరినీ కూర్చోబెట్టి ప్రతి మొత్తం ఒకసారి చదివించాం, మధ్యలో ఎవరినీ దిద్దకుండా. ఆ తర్వాతే వెనక నుంచి పట్టుకున్నాం. కారణాలు రెండు. కష్టమైన రంగానికి ఎక్కువ వారాలు దొరుకుతాయి. పైగా, ముక్కలు కలుపుకుంటూ పోయేటప్పుడు ప్రతిసారీ కొత్తదాంట్లోంచి తెలిసినదాంట్లోకి నడుస్తారు. మొదటి నుంచి చేసుకొస్తే జరిగేది దీనికి తలకిందులు: తెలిసినదాంతో ఉత్సాహంగా బయల్దేరి, అలసిపోయాక తెలియనిదాంట్లో పడతారు. ప్రదర్శన నాటి భయానికి కూడా వెనక నుంచి రావడమే మంచిది.

ఆపే రిహార్సల్, ఆపని రిహార్సల్

అన్నిటికంటే ఎక్కువ మార్పు తెచ్చింది ఇదే అనుకుంటున్నాను. ముక్క మొదలుపెట్టే ముందు గట్టిగా ప్రకటించాలి: ఇది ఆపేదా, ఆపనిదా అని. ఆపేదైతే ఎవరైనా ఆపవచ్చు, నటులు కూడా. “ఇక్కడ నేను ఎందుకు లేచాను?” అని అడగవచ్చు, మళ్లీ చెయ్యవచ్చు. ఆపనిదైతే కుర్చీ విరిగినా ఆపకూడదు. మాట మరిచిపోతే పాత్రలో ఉండే “లైన్” అనాలి, ప్రాంప్టర్ మొదటి రెండు మాటలే అందించాలి. దిద్దుబాట్లన్నీ అయ్యాక, కాగితం మీద. ప్రతి పిలుపులోనూ నిన్నటి ముక్క ఒకసారి ఆపకుండా, ఇవాళ్టి ముక్క ఆపుతూ, చివర ఇవాళ్టిదే ఒకసారి ఆపకుండా.

అంతకుముందు రిహార్సల్ అంతా ఆపేదే. దానివల్ల పిల్లలు ఎప్పుడూ ఎవరో ఆపుతారని ఎదురుచూస్తూ నటించేవారు. తప్పు జరిగితే దాంట్లోంచి ఎలా బయటపడాలో ఎవరికీ అలవాటు కాలేదు. తప్పులోంచి బయటపడటమూ నేర్చుకోవాల్సిన విద్యే. దానికీ రిహార్సల్ కావాలి.

పేపరు వదలడం కూడా ముక్కల వారీగానే జరిగింది. ఒక ముక్కకు కదలికలు కుదిరి, మూడుసార్లు ఆపకుండా నడిచాకే ఆ ముక్కకు పేపరు లేదు. అప్పటికి మాటలు సగం పైగా నోటికి వచ్చేసి ఉండేవి.

స్టేజీ మేనేజరు, ఒక పొడుగు నోటుపుస్తకం

నటించడం ఇష్టం లేదని చెప్పి, నాటకంలో ఉండాలని మాత్రం కోరుకున్న ఒక అమ్మాయి ఉండేది. అంతవరకు ఆమెకు మంచినీళ్లు తేవడం, ఫోన్లు చెయ్యడం తప్ప పని లేదు. ఆమెను స్టేజీ మేనేజరును చేశాం. పొడుగు నోటుపుస్తకంలో కుడి పేజీకి ప్రతి అంటించి, ఎడమ పేజీ ఖాళీగా ఉంచాలి. ఎవరు ఏ మాట మీద ఎక్కడికి కదిలారో ఎడమ పేజీలో పెన్సిలుతో రాయాలి. ఆమె తనకు తానే గుర్తులు కల్పించుకుంది: గిరీశానికి ‘గి’, పక్కన బాణం, కూర్చుంటే చిన్న గీత, లేస్తే నిలువు గీత. వీధి గుమ్మం కుడివైపు, దొడ్డి గుమ్మం ఎడమవైపు అని ప్రతి పేజీ పైన బొమ్మ వేసేది.

ఆ పుస్తకం విలువ నాలుగో వారంలో తెలిసింది. రామప్పంతులు వేసే కుర్రాడు క్రీడల ఎంపికకు వెళ్లాల్సి వచ్చి తప్పుకున్నాడు. హాస్టల్ కుర్రాడొకడు ఆ వేషం తీసుకున్నాడు. దర్శకత్వం చేసే అధ్యాపకుడికి ఏ మాట మీద ఎవరు ఎక్కడున్నారో అంతా గుర్తులేదు, పుస్తకానికి గుర్తుంది. స్టేజీ మేనేజరు పుస్తకం పట్టుకుని అతన్ని సాయంత్రాల్లో అడుగు అడుగునా నడిపించింది. మిగతావాళ్లు తమ కదలికలు ఒక్కటీ మార్చుకోవాల్సిన అవసరం రాలేదు.

స్థలం

క్లాసు గదిలో బల్లలు పక్కకు జరిపి చేస్తున్నారు. గది ఇరుకు, నాటకం కూడా ఇరుకైపోయింది. అందరూ ఒకరి భుజం ఒకరు తగులుతూ నిలబడేవారు. ఆడిటోరియం వార్షికోత్సవం ముందు రోజు వరకు దొరకదు. టేపుతో కొలిస్తే దాని స్టేజీ ఆడే భాగం 23 అడుగుల వెడల్పు, 19 అడుగుల లోతు. కాలేజీ వెనక బ్యాడ్మింటన్ కోర్టు ఉంది. బ్యాడ్మింటన్ కోర్టు 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉంటుంది. నెట్టుకు ఒక పక్క సగం అంటే 22 అడుగులు, 20 అడుగులు. స్టేజీకి దగ్గర దగ్గర సరిపోయింది. గీతలు ముందే ఉన్నాయి, గుమ్మాలకు రెండు ప్లాస్టిక్ కుర్చీలు పెడితే చాలు. ఆరుబయట కాబట్టి గొంతు ఎత్తక తప్పేది కాదు, మైకు లేకుండా ఆఖరి వరుసకు వినబడాలన్న సమస్య అక్కడే సగం తీరింది. నేను ఇప్పుడు ఏ కాలేజీకి వెళ్లినా ముందు కోర్టు ఎక్కడుందని అడుగుతాను.

గొంతు

నాటకం గొంతు వదిలించడానికి వ్యాయామాలు పెట్టలేదు. ముక్క మొదలుపెట్టే ముందు, ఇందులో ఏం జరిగిందో మీ ఇంట్లో అమ్మకు చెప్పినట్టు చెప్పండి అని అడిగాం. మీనాక్షి వేసే అమ్మాయి తన యాసలో, చేతులు తిప్పుతూ, లుబ్ధావధాన్లు పిసినారితనం గురించి చెప్పిన తీరు ఉందే, చుట్టూ ఉన్నవాళ్లు పని ఆపి విన్నారు. వెంటనే, అదే ఊపిరి మీద, పేపరులో ఉన్న మాటలు చెప్పమన్నాం. చెప్పి, సందేహంగా నా వైపు చూసింది: “ఏటి మేష్టారూ, ఇలగ సెప్తే నాటకంలాగ ఉండదు కదా?” ఆ ప్రశ్నకు సమాధానం పక్కనున్న పిల్లలే ఇచ్చారు, “ఇలగే బాగుంది” అని. గురజాడ రాసిన మాటలకూ ఆ అమ్మాయి ఇంటి మాటలకూ తేడాలున్నాయి. కులం వేరు, కాలం వేరు. కానీ వాక్యం ఎక్కడ విరగాలో, ఎక్కడ ఊపిరి పీల్చాలో ఆ పిల్లకు పుట్టుకతో తెలుసు.

చివరి రంగం

సౌజన్యారావు, మధురవాణి రంగంలో ముద్దు గురించిన బేరం ఉంది. చేసే సాయానికి ప్రతిఫలంగా ఆమె ముద్దు అడగడం, ఆయన తటపటాయించి ఒప్పుకోవడం, తీరా ఆ క్షణానికి ఆమే ఆపడం. దాన్ని తీసేద్దామని ఒక సూచన వచ్చింది. తీసేస్తే ఇద్దరి మనసులూ తెలిసే చోటు పోతుంది కాబట్టి ఉంచాలనే నేను వాదించాను. అయితే కిటికీల దగ్గర తోటి విద్యార్థులు ఈలలు వేస్తుండగా ఇద్దరు పిల్లల్ని అలా నిలబెట్టడం అన్యాయం.

అందుకని ఆ ముక్కకు పిలుపు విడిగా, తలుపులు వేసిన గదిలో. ఒక మహిళా అధ్యాపకురాలు, స్టేజీ మేనేజరు, నేను, వాళ్లిద్దరు. ముందు అమ్మాయిని, అబ్బాయిని విడివిడిగా అడిగాం, ఎంత దూరం వరకు సరే అని. ఆమె చెప్పినదే హద్దు: మూరెడు దూరం తగ్గకూడదు, చెయ్యి పట్టుకోకూడదు. ఆ హద్దులోనే కదలికలు కుదిర్చాం. అతను రెండు అడుగులు వేస్తాడు, ఆమె అరచెయ్యి ఛాతీ ఎత్తులో లేస్తుంది, అతను ఆగుతాడు. ఎడమ పేజీలో రాశాం. ఏ రిహార్సల్లోనూ, ప్రదర్శనలోనూ అంగుళం మారకూడదని ఒప్పందం. ఏం జరగబోతుందో తెలిసిపోయాక ఇద్దరి బిగువూ సడలింది. సిగ్గుపడాల్సింది పాత్ర మాత్రమే అయింది. మూడో వారంలో అదే ముక్కను కోర్టులో అందరి ముందు చేస్తే ఎవరూ ఈల వెయ్యలేదు.

ఇక్కడే వేషం సంగతి. ముందు రంగంలో చీరలో ఉన్న మధురవాణి పంచె, కోటు, తలపాగాతో రావాలి. మధ్యలో ఉన్నది రెండున్నర నిమిషాల ముక్క. మొదటి ప్రయత్నంలో నాలుగు నిమిషాలు దాటింది, తలపాగా జారింది. ముందే కుట్టిన పంచె, కుట్టి పెట్టిన తలపాగా తెప్పించి, మూడో వారం నుంచి ప్రతి ఆపని రిహార్సల్లోనూ నిజం వేషం మార్పిడే చేయించాం. స్టేజీ మీద ఎవరున్నా సరే, పక్కన ఇద్దరమ్మాయిలు పిన్నులు పట్టుకుని రెండు నిమిషాలలోపు పూర్తి చేసేదాకా. అదీ పట్టికలో ఒక ముక్కే, దానికీ నంబరుంది.

ఫలితం, మిగిలిపోయినవి

ముందు రోజు ఆడిటోరియంలో లైట్ల వాళ్లతో మాటలన్నీ చెప్పించకుండా, లైటు మారే చోటు నుంచి మారే చోటుకు దూకుతూ చేశాం. ఆ తర్వాత ఒకే ఒక్క పూర్తి ఆపని రిహార్సల్. ప్రదర్శన 58 నిమిషాలు నడిచింది. గిరీశం ఒకచోట పెద్ద పేరా దాటేశాడు. బుచ్చమ్మ వేసిన అమ్మాయి తన తర్వాతి మాటను కాస్త మార్చి కథను దారిలోకి తెచ్చింది. చూసినవాళ్లకు తెలియలేదు. చివరి రంగంలో అరచెయ్యి లేచినప్పుడు హాలు నిశ్శబ్దంగా ఉంది.

బాగా కుదరనివి కూడా చెప్పాలి. నాలుగో రంగం మధ్యలో సాగింది. ఐదుగురు కలిసి ఉండే ముక్కలు అక్కడే ఎక్కువ, ఐదుగురికీ కుదిరే సాయంత్రాలు వారానికి ఒకటే. ఇంటర్నల్ పరీక్షల వారంలో పిలుపులే పెట్టలేదు. ఆ విరామం తర్వాత వెనక చేసిన ముక్కలు నిలిచాయి, అప్పుడే మొదలుపెట్టినవి పోయాయి. పరీక్షల ముందు కొత్త ముక్క ఎత్తుకోకూడదని ఇప్పుడు నా పట్టికల్లో ముందే గీత గీస్తున్నాను.

ఇదే పద్ధతి వేరేచోట వాడాలనుకునేవాళ్లు రెండు విషయాలు చూసుకోవాలి. గుంపు ఎప్పుడూ స్టేజీ మీదే ఉండే నాటకానికి, వీధి నాటకానికి ఈ ముక్కల పిలుపు పనికిరాదు. అక్కడ అందరూ రోజూ ఉండాల్సిందే, సమయం తగ్గించుకోవడమే మార్గం. రెండోది, ఎడమ పేజీ రాసే మనిషి దొరక్కపోతే ఈ పద్ధతి మొదలుపెట్టకండి. ముక్కలుగా చేసిన పనిని కలిపి ఉంచేది ఆ పుస్తకమే. వేషాలు పంచే రోజునే ఆ మనిషిని ఎంచుకుని, కరపత్రంలో పేరు నటులతో పాటు వెయ్యాలి. ఈ కాలేజీలో మరుసటి ఏడాది ఆ పనికి నలుగురు పేర్లిచ్చారు. పాత స్టేజీ మేనేజరే వాళ్లకు గుర్తులు నేర్పింది. పిలుపుల కాగితాన్ని మాత్రం శుక్రవారం నుంచి గురువారానికి మార్చుకున్నారు, శనివారం ల్యాబులు మారితే సర్దుకోవడానికి ఒక రోజు ఉండాలని.